అడుక్కొచ్చిన ఊలు

నా చిన్నప్పుడు అని నేను నోరు తెరిస్తే చాలు, మా పెదనాన్న కొడుకు పిల్లలు ఫోన్లు పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళిపోతారు. నలభై రాకుండానే మేనత్తకు ముసలితనం వచ్చేసిందని వాళ్ళ నవ్వు. నవ్వనివ్వండి. రోజూ గుమ్మంలో అట్టపెట్టెలు వచ్చి పడే ఇల్లు వాళ్ళది. విప్పడం, అద్దంలో చూసుకోవడం, నచ్చలేదని మూలకు గిరాటెయ్యడం. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ మంట దాచుకునే అలవాటు కూడా నాకు లేదు. కానీ ఈ మంట మొదట రేగింది వాళ్ళ మీద కాదు, నా మీద నాకే. అప్పుడు నాకు పన్నెండేళ్ళు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మేం ఢిల్లీ సరోజినీ నగర్‌లో ప్రభుత్వ క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాన్న కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తా. అమ్మది అనకాపల్లి. బట్టలు కొనడానికి ఢిల్లీ నగరమంతా మా వీధి చివర బజారుకే వచ్చేది. ఆ బజారు పక్కనే కాపురం ఉండి బట్టలు కొనని ఇల్లు బహుశా మాదొక్కటే. అమ్మ రోజూ ఆ జనం మధ్యలోంచే కూరగాయలకు వెళ్ళేది, బురద తప్పించుకుని నడుస్తున్నట్టు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, అటూ ఇటూ చూడకుండా. ఉన్నవి చిరిగాయా అని అడిగేది. చిరగలేదంటే ఇంకెందుకు అనేది. చిరిగాయంటే సూదీ దారం తెచ్చేది. దుప్పటి పాతబడితే దిండు గలీబులయ్యేది, గలీబులు పాతబడితే వంటింట్లో మసిగుడ్డలయ్యేవి. మా ఇంట్లో ఏ గుడ్డకూ చావు లేదు. దీన్ని ఇప్పుడు గొప్పగా చెబుతున్నాను గానీ, అప్పుడు మాత్రం అమ్మ అంటే నాకు కసి.

ఆ కసి అంతా నా స్వెటరు చుట్టూ తిరిగేది. మా బడిలో చలికాలం నీలం రంగుది ఏది తొడుక్కున్నా ఒప్పుకునేవారు. నాకున్నది అమ్మ అల్లిన స్వెటరు. పెళ్ళయి ఢిల్లీ వచ్చేదాకా అమ్మ ఊలు ముట్టుకుని ఎరగదు. మా పై ఇంట్లో ఉండే పంజాబీ ఆంటీ దగ్గర నేర్చుకుంది. మధ్యాహ్నం పూట క్వార్టర్ల ముందు గడ్డిలో ఎండకు కూర్చుని ఆడవాళ్ళందరూ అల్లేవాళ్ళు. ఏటా దసరా వెళ్ళగానే అమ్మ నా స్వెటరు మొత్తం విప్పేసేది. విప్పిన ఊలు వంకీలు తిరిగి ఉంటుంది కదా, దాన్ని మరిగే నీళ్ళ ఆవిరికి పట్టి, ఉతికి, బరువు కట్టి ఆరేసేది. తర్వాత నేను పెరిగినంత మేర ఇంకొంచెం ఊలు కలిపి మళ్ళీ అల్లేది. నీలానికి నీలం ఎప్పుడూ కలవదు. అడుగున ముదురు నీలం, దాని మీద ఒక పట్టీ, దాని మీద ఇంకో పట్టీ. ఆ ఏడు కలిపింది మరీ వెలిసిపోయిన నీలం. నా క్లాసులో ఒకమ్మాయి ఆ పట్టీలు వేలితో లెక్కపెట్టి నా వయసు చెప్పేది, మిగతావాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు.

గుర్‌గావ్‌లో మా పిన్ని ఉండేది, అమ్మకు సొంత చెల్లెలు. భార్యాభర్తలిద్దరికీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. అప్పుడప్పుడే అక్కడ మాల్స్ లేస్తున్నాయి. డిసెంబరులో ఒక ఆదివారం పిన్ని మమ్మల్ని ఒక మాల్‌కి తీసుకెళ్ళింది. ఒక షాపులో నీలం రంగు జాకెట్ కనబడింది. లోపల దూదిలా మెత్తగా, మెడ దాకా జిప్పు. పిన్ని దాన్ని నాకు తొడిగి అద్దం ముందు నిలబెట్టింది. అద్దంలో ఉన్న పిల్ల నేను కాదు, ఎవరో గుర్‌గావ్ పిల్ల. అమ్మ వచ్చి జిప్పు కిందికి లాగి, నా చేతులు రెండూ బయటకు తీసి, జాకెట్‌ని హ్యాంగరుకు తగిలించింది.

"అక్కా, నేను కొనిపెడతానంటున్నాను కదా. నీ సొమ్మేం పోయింది?" అంది పిన్ని.

"దానికి స్వెటరుంది."

"అది స్వెటరా? అతుకుల బొంత."

"బొంతైతే బొంత. వెచ్చగా ఉంది కదా" అని అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటకు లాక్కొచ్చింది. అందరూ చూస్తున్నారు. బస్సులో దారంతా నేను అమ్మ వైపు చూడలేదు. ఈ స్వెటరు ఉన్నంతకాలం ఆ జాకెట్ రాదు, అందుకని ఇది ఉండకూడదు. ధౌలా కువాన్‌లో బస్సు మారేలోపే నా నిర్ణయం అయిపోయింది.

మా క్వార్టర్లకు వారం వారం ఒకామె స్టీలు గిన్నెల గంప నెత్తిన పెట్టుకుని వచ్చేది. పాత బట్టలు తీసుకుని గిన్నెలు ఇచ్చేది. ఆ వారం ఆమె వచ్చేసరికి అమ్మ పాల బూత్ దగ్గర లైనులో ఉంది. నేను స్వెటరు పట్టుకుని మెట్లు దిగాను. ఆమె దాన్ని చేత్తో తూచినట్టు ఎత్తి చూసి, ఊలు మంచిదే అంది. నేను అమ్మను చూసి నేర్చుకున్న బేరమంతా ఆడాను. ముందు ఒక గ్లాసు చూపించింది, వద్దన్నాను. చివరికి మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా ఇచ్చింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అమ్మ ఆ డబ్బా చూసి మెచ్చుకుంటుందని కూడా అనుకున్నాను. ఇంత బేరం ఆవిడ కూడా చేయలేదు మరి.

అమ్మ వచ్చి డబ్బా చూసింది. ఎక్కడిదంది. చెప్పాను. పాలు గట్టు మీద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి పరిగెత్తింది. రింగు రోడ్డు బస్‌స్టాపు దాకా వెళ్ళిందట. ఆ గిన్నెలావిడ లేదు. ఆ తర్వాత మళ్ళీ మా వైపు రాలేదు కూడా. తిరిగొచ్చిన అమ్మ ఆయాసం తీరేదాకా గుమ్మంలో నిలబడి, డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇదిగో. దీన్నే తొడుక్కుని వెళ్ళు బడికి."

కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. మర్నాటి నుంచి నా అన్నం ఆ డబ్బాలోనే సర్దింది. బడిలో మూత తీసినప్పుడల్లా నాకు ముద్ద దిగేది కాదు. నాన్న నా అవస్థ చూసి జాలిపడి, ఒకటి కొనేద్దాంలే అన్నాడు. కొన్న రోజున నేనీ ఇంట్లో ఉండను అంది అమ్మ. రెండు చొక్కాలు ఒకదాని మీద ఒకటి వేసుకుని వెళ్ళాను, ముక్కు కారుతూనే ఉంది. చివరికి అమ్మ లేనప్పుడు పిన్నికి ఫోన్ చేసి ఏడ్చాను.

ఆ ఆదివారమే పిన్ని వచ్చింది, జాకెట్‌తో. అక్కాచెల్లెళ్ళిద్దరూ వంటింట్లో తగాదా పడ్డారు. నీ పంతం కోసం పిల్లని చంపుకుంటావా అని పిన్ని. నీకు డబ్బుంది కాబట్టి మా ఇంట్లో నీ మాట చెల్లాలా అని అమ్మ. చివరికి అమ్మ బయటకొచ్చి, ఆ సంచీ నా ఒళ్ళో పడేసింది.

"నీ ఇష్టం. నేనడ్డం రాను."

నేను తొడుక్కున్నాను. ఇలాంటి కథల్లో పిల్లలు ఇక్కడ బుద్ధి తెచ్చుకుని వద్దనేస్తారు. నేను అనలేదు. సోమ, మంగళ, బుధవారాలు మూడు రోజులూ దాన్నే వేసుకుని బడికి వెళ్ళాను. చాలా వెచ్చగా ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. పట్టీలు లెక్కపెట్టే అమ్మాయి దాని జిప్పు పైకీ కిందికీ లాగి చూసి, ఎక్కడ కొన్నారని అడిగింది. జనవరి పొగమంచులో అమ్మ నన్ను స్కూలు బస్సు దాకా దిగబెట్టేది. చీర మీద నాన్న పాత ఆఫీసు కోటు వేసుకుని వచ్చేది. బొత్తాలు లేని కోటు. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నడిచేది. నన్ను నలుగురిలో తలవంపులు చెయ్యడానికే ఈ వేషం అని నేను నాలుగడుగులు ముందు నడిచేదాన్ని.

బుధవారం సాయంత్రం పై ఇంటి ఆంటీ మెట్ల మీద నన్ను ఆపింది. ఆవిడకు నెమ్మదిగా మాట్లాడటం చేతకాదు. "అచ్ఛా, జాకెట్ బాగుంది," అని హిందీలో మొదలుపెట్టింది. "మరి మమ్మీకేది? స్వెటర్‌తో పాటు మమ్మీ కార్డిగన్ కూడా అమ్మేశావు కదా."

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. ఆ ఏడు నా స్వెటరుకు ఊలు చాలకపోతే అమ్మ తన నీలం కార్డిగన్‌ని, ముందు బొత్తాలుండే స్వెటరుని, విప్పేసింది. ఇద్దరూ కూర్చునే విప్పారట. ఆంటీ వద్దంటే, నాకు ఆయన కోటుంది, సరిపోతుంది అందట అమ్మ. నేను అసహ్యించుకున్న ఆ వెలిసిన నీలం పట్టీ అమ్మ ఒంటి మీది కార్డిగన్. అది ఇంట్లో కనబడక రెండు నెలలు దాటింది. నేను చూడలేదు. ఎవరి స్వెటరు ఏ షాపుదో దూరం నుంచే చెప్పగలిగిన నేను, మా అమ్మ ఒంటి మీద ఏముందో చూడలేదు.

ఇంట్లోకి వెళ్ళి అమ్మ ముందు జాకెట్ విప్పాను. నాకిది వద్దు, నీకు కార్డిగన్ అల్లుతాను, నాకు నేర్పమని అడిగాను. అమ్మ కరిగిపోయి కౌగలించుకుంటుందని ఎక్కడో ఆశ. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తలేదు.

"ఊలేదీ?"

కొందామన్నాను. అప్పుడు తలెత్తింది.

"కొనడానికి వీల్లేదు. ఈ బ్లాకులో ప్రతి ఇంట్లోనూ మిగిలిపోయిన ఉండలుంటాయి. వెళ్ళి అడుక్కురా. ఎందుకని అడిగితే, మా అమ్మ కార్డిగన్‌ని స్టీలు డబ్బాకు అమ్మేశానని చెప్పు. అబద్ధం చెప్పావో, నాకు తెలిసిపోతుంది."

అమ్మ నన్ను ఇంతగా శిక్షిస్తుందని నేననుకోలేదు. ఆ శనివారం గుడ్డసంచీ పట్టుకుని బయల్దేరాను. మొదటి తలుపు దగ్గర సంచీ వెనక్కి దాచుకున్నాను. ఆవిడ మళ్ళీ మళ్ళీ అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ నవ్వి గులాబీ రంగు ఉండ ఇచ్చింది. తర్వాతి ఇంట్లో పెద్దావిడ నన్ను నిలబెట్టి చీవాట్లు పెట్టి, ఆకుపచ్చ ఊలు ఇచ్చి, వెళ్ళేముందు బెల్లం పల్లీల పట్టీ చేతిలో పెట్టింది. పట్టీలు లెక్కపెట్టే అమ్మాయిదీ మా బ్లాకే. వాళ్ళమ్మతో చెబుతుంటే అది వెనకే నిలబడి అంతా వింది. సోమవారం నుంచి బడిలో నా పేరు డబ్బా. చిత్రం ఏమిటంటే, అన్ని గుమ్మాల దగ్గర నా నోటితోనే చెప్పుకున్నాక, అది మళ్ళీ చెబితే నాకు పెద్దగా అనిపించలేదు. సంచీ నిండింది. ఏ రెండు ఉండలకూ రంగు కలవలేదు.

ఆ తర్వాత అల్లిక. అమ్మ పక్కన కూర్చునేది, ఆవిడ నోట్లో ఒకటే మాట, విప్పు. ఒక కుట్టు జారితే విప్పు. బిగుసుకుంటే విప్పు. జానెడు అల్లాక కింద ఎక్కడో తప్పు కనబడితే, జానెడూ విప్పు. ఒకసారి నేను సూదులు విసిరికొట్టాను. అమ్మ లేచి తెచ్చి నా ఒళ్ళో పెట్టి మళ్ళీ అదే మాట అంది. వేళ్ళు వాచేవి. ఒక చెయ్యి అల్లడానికి ఎన్ని మధ్యాహ్నాలు పడతాయో నాకు అప్పుడు తెలిసింది, ఏటా దసరా వెళ్ళగానే అమ్మ ఆ మధ్యాహ్నాలన్నీ నాకు పెడుతోందని కూడా.

జాకెట్ సంగతి మర్చిపోలేదు. తిరిగి ఇచ్చేస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. ఇంట్లోకి వచ్చిన వస్తువు చిరిగేదాకా వాడాల్సిందే అంది. అంత ద్వేషం పుట్టాక కూడా దాన్ని పదో తరగతి దాకా తొడుక్కున్నాను, చేతులు మోచేతుల దాకా పొట్టయిపోయినా, జిప్పు పోయి అమ్మ బొత్తాలు కుట్టినా. అమ్మ పగ అలాంటిది, అందులో వృథా ఉండదు.

కార్డిగన్ పూర్తయ్యేసరికి చలి వెళ్ళిపోయింది. ఒక చెయ్యి రెండో చేతికన్నా పొడుగు. గులాబీ పక్కన ఆకుపచ్చ, దాని పక్కన పసుపు. హోలీ ముందు ఆదివారం పిన్ని కొడుకు పుట్టినరోజుకు ఆ మాల్‌కే పిలిచారు. ఎండ చురుక్కుమంటోంది. అమ్మ పట్టుచీర కట్టి, దాని మీద ఆ కార్డిగన్ వేసుకుని బయల్దేరింది. బస్సులో పై పెదవి మీద చెమట పట్టింది, విప్పలేదు. పిన్ని స్నేహితురాళ్ళందరూ చూస్తుండగా పిన్ని దగ్గరికొచ్చి, ఏంటక్కా ఇది, అంది.

"మా పిల్ల అల్లింది. బాగులేదని నువ్వు చెప్పక్కర్లేదు, నాకూ కళ్ళున్నాయి" అంది అమ్మ.

ఇన్ని వారాల్లో నా గురించి అమ్మ అన్న మంచిమాట అదొక్కటే. మాల్ అంతా అమ్మ పక్కనే నడిచాను. జనం తిరిగి చూశారు, చూసుకోనివ్వండి అనుకున్నాను.

అమ్మ నన్ను క్షమించిందో లేదో ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. గుమ్మం గుమ్మం తిప్పి అడుక్కునేలా చేసినందుకు ఆవిడ మీద కోపం నాకిప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ పొగమంచులో నేను వెచ్చగా ముందు నడిచిన ఆ మూడు పొద్దుల మీద ఉన్న కోపం దానికన్నా పెద్దది. దాన్ని ఎవరి మీదికీ నెట్టలేను. అందుకే ఇప్పటికీ ఒంటి మీద కొత్త బట్ట వేసుకుని వీధిలోకి వస్తే, ముందు నా పక్కన నడుస్తున్న మనిషి చేతులు ఎక్కడ పెట్టుకున్నారో చూస్తాను.