బెండకాయ జిగురులో పెరిగిన రాయి

మార్టూరులో మా ఇంటి పక్కనే నాకొక గ్రానైటు పాలిషింగ్ యూనిట్ ఉంది. మా కటింగ్ మిషన్ మొదలైందంటే మూడు మండలాల గేదెలు పాలివ్వడం మానేస్తాయి. అంత గోల చేస్తేగాని రాయి మాట వినదని పాతికేళ్లుగా నమ్మాను. ఆ నమ్మకాన్ని మా అక్క బెండకాయతో పడగొట్టింది.

అక్క గుంటూరులో కెమిస్ట్రీ లెక్చరర్. యాభై దాటాక పీహెచ్‌డీ మొదలుపెట్టింది. వేసవి సెలవులకి మా ఇంటికొచ్చి, వెనక గదిలో ఓ గాజు జాడీ పెట్టి, సున్నపు తేటలో బెండకాయ జిగురు కలిపి, అందులోకి గాజు పలకలు వేలాడదీసింది.

"పులుసా అక్కా?"

"రాయి పెంచుతున్నాన్రా."

"పెంచడానికి అదేమన్నా కోడిపిల్లా?"

"నత్త తన చిప్ప పెంచుకోట్లా? దానికి కొలిమి ఉందా, నీలాగా మిషన్లున్నాయా? ఒంట్లో జిగురుంది. అది చెప్పినట్టు సున్నం పేరుకుంటది. నేను నత్త దగ్గర నేర్చుకుంటున్నా."

గాలి సోకితే సున్నపు తేట మీద పొర కట్టడం అందరికీ తెలిసిందే. జిగురు లేకపోతే ఆ సున్నం గడ్డలు కడుతుంది. జిగురుంటే కంటికి ఆనని రేణువులుగా, పెళ్లి బంతిలో పెద్దమనుషుల్లా ఒద్దికగా కూర్చుంటుంది. వాటినే నానో రేణువులంటారట. అవి కనబడాలంటే యూనివర్సిటీ పెద్ద మైక్రోస్కోపు కింద పెట్టాలి. నెలల తరబడి అడగ్గా అడగ్గా అక్కకి ఒక్క పూట దొరికింది.

మా బోరు నీళ్ల సంగతి చెప్పాలి. గ్లాసులో పోసి ఆవలించేలోపు తెల్లగా గార కడతాయి. ఇంటింటా దానికి మందు చింతపండే. అక్క ఏదో పని మీద గుంటూరు వెళ్లిన రోజు, ఆ పలకల మీది తెల్లపొర నా కంటబడింది. పాపం, అక్క సామాను గార పట్టిందనుకున్నాను. పాలిషింగ్ వాడి చెయ్యి ఊరుకుంటుందా? చింతపండు పెట్టి, సూర్యుడు తన మొహం చూసుకునేంత తళతళా తోమి పెట్టాను.

"ఎవరు తోమారివి?" అంది అక్క రాగానే.

"నేనే. ఎలా ఉన్నాయి?"

అక్క గోడకి ఆనుకుని కూలబడింది. "పులుపు తగిలితే సున్నం కరిగిపోద్దిరా. మైక్రోస్కోపుకి ఇంకా ఆరు రోజులే ఉంది. పొర కట్టటానికే ఐదు రోజులు పడద్ది."

"నాలుగు తిట్టక్కా."

"తీరిక లేదు. పోయి బెండకాయలు పట్రా. లేతవి."

ఈసారి చెడితే మళ్లీ చేసే వ్యవధి లేదు. అదురు తగలకూడదని నేనే మిషన్ ఆపేశాను. ఊరు ఊరంతా హడలిపోయింది. పక్క యూనిట్ ఆయన తువ్వాలు భుజాన వేసుకుని పరామర్శకొచ్చాడు. "ఎవరు పోయారన్నా?"

"ఎవరూ పోలేదు. లోపల రాయి పెరుగుతోంది."

ఆయన నన్ను జాలిగా చూసి, మజ్జిగ తాగమని చెప్పి వెళ్లాడు.

ఆ ఐదు రోజులూ అక్క దుమ్ము రాకుండా తలుపులకి తడి గోనెలు కట్టి, పిల్లి కూడా సిగ్గుపడేంత మెత్తగా నడిచింది. నేను తుమ్మొస్తే బజారు దాకా వెళ్లి తుమ్మి వచ్చాను.

ఆరో రోజు యూనివర్సిటీలో మైక్రోస్కోపు తెర మీద గింజలు కనిపించాయి. గుండ్రంగా, అన్నీ ఒకే కొలతలో, కంకి మీద జొన్నల్లా. అక్క నా భుజాన్ని నొప్పెట్టేలా పట్టుకుంది.

"టైమైందండీ మేడమ్" అన్నాడు మైక్రోస్కోపు చూపించేవాడు.

"ఆ మూల కూడా ఒక్కసారి చూపించండి" అంది అక్క, కుర్చీ ఇంకాస్త ముందుకి లాక్కుని.