కథకు ముందు చదివే పేర్లు

మా బడి లైబ్రరీ మేడం పోయారన్న వార్త సోమవారం ప్రార్థన మొదలవకముందే అందింది. ఈ బళ్లారి బడిలో తెలుగు మీడియం పిల్లలకు చదువుకోవడానికి ఇన్ని కథలున్నాయంటే అది ఆమె చలవే. తెలుగు చెప్పే మాస్టారుగా ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

తెలుగు పుస్తకాలు మా వైపు రావడం ఎప్పుడో తగ్గిపోయింది. ఉన్నవాటిని పిల్లలు అట్టలూడేదాకా చదివేశారు. ఇక ఆ లైబ్రరీ గదిని సామాన్లకు వాడుకుందామన్నారు హెడ్‌మాస్టర్.

"తెలుగు బుక్కులు యాడ వస్తాండాయి మేడం? బీరువాలు ఖాళీగానే ఉండాయి కదా."

"ఈ టర్మ్ అయ్యేదాకా ఉండనీండి సార్. పిల్లోళ్లు రాకపోతే నేనే బీగం తెచ్చిస్తా" అన్నారామె.

ఆనాటి నుంచి ఆమెకు ఫోనే బీరువా. ఉచితంగా చదువుకోనిచ్చే బొమ్మల కథల సైట్లు వెతికారు. పిల్లలకు ఇచ్చే ముందు ప్రతి కథా తానే చదివేవారు. కాపీ తీసుకోవచ్చో లేదో, వేరే భాషలోకి మార్చుకోవచ్చో లేదో కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుందని నాకు చూపించిందీ ఆమే. మార్చుకోనిచ్చే కన్నడ కథలను మా పిల్లల నోటి తెలుగులోకి మార్చి, తిరిగి అదే సైటులో పెట్టేవారు. ప్రింట్లు తీసి కౌల్ బజార్‌లో పుస్తకాలుగా కుట్టించేవారు.

ఒకసారి నేను ప్రొజెక్టర్ పెట్టి కథ తెరవబోతే నెట్ పోయింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది, దాంతోపాటు పిల్లలూ వేళ్లు తిప్పుతున్నారు. మేడం నవ్వుతూ పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టారు. "నెట్టును నమ్ముకోని క్లాసుకి పోతారేందప్పా? ఇంటికాడనే దించుకోని రావాల."

ఆమెకో పట్టింపు ఉండేది. కథకు ముందు రాసినవాళ్ల పేరు, బొమ్మలేసినవాళ్ల పేరు పైకి చదవాలి. ఒక్కో పేరుకూ పిల్లలంతా థ్యాంక్స్ చెప్పాలి. ఇదంతా ఎందుకు మేడం అని నేను విసుక్కుంటే ఊరుకోలేదు.

"ఫ్రీగా వచ్చిందని సుమ్నే, ఊరికే తీసుకుంటే ఎట్లప్పా? యాడనో కూసోని మన పిల్లోళ్ల కోసరం ఒకరు రాసినారు, ఒకరు బొమ్మలేసినారు. పేరన్నా పలకొద్దా?"

ఇంత చెప్పే మనిషి, 'అనువాదం' అన్న వరుస రాగానే చటుక్కున పేజీ తిప్పేసేవారు. అక్కడుండేది ఆమె పేరు.

టర్మ్ చివర ఆ బీగం, అదే గది తాళంచెవి, ఇవ్వాల్సిన పని పడలేదు. తోరణగల్లు ఉక్కు కంపెనీ బస్సు దిగి ఒక తండ్రి డ్యూటీ బట్టల్లోనే బడికి వచ్చాడు. "మా పాప దినామూ కథ చెప్తాండాది. ఆ బుక్కు నాకూ ఇస్తారా మేడం?" అన్నాడు. హెడ్‌మాస్టర్ పక్కనే ఉన్నారు. మర్నాడు బీరువాలు ఆయనే తుడిపించారు.

అనంతపురం వైపు టీచర్లు కూడా ఆమె కథలు దించుకుని చెబుతున్నారని తెలిసిన రోజు నా ఛాతీ ఉప్పొంగింది. ఆమె మాత్రం "వాళ్లూ పేర్లు చదువుతాండారా?" అని అడిగారు.

ఈ వారం లైబ్రరీ పీరియడ్ నేనే తీసుకున్నాను. ఐదో తరగతి పాప ఒక కుట్టిన పుస్తకం తెరిచింది. రాసినామె పేరు చదివింది, అందరూ థ్యాంక్స్ చెప్పారు. బొమ్మలేసినాయన పేరు చదివింది, మళ్లీ చెప్పారు. అలవాటుగా పేజీ తిప్పబోయి ఆగి నా వైపు చూసింది.

"ఇది గూడా చదవాల్నా సార్?"

"చదువమ్మా."

పాప నిదానంగా మేడం పేరు చదివింది. గది గదంతా ఒక్క గొంతుతో థ్యాంక్స్ చెప్పింది, నాతో సహా.