వాకిట్లో నిలబడి చెప్పిన పాఠం

మా ఇంట్లో పెళ్లికో పేరంటానికో నలుగురం చేరామంటే తప్పకుండా బయటికొచ్చే కథ ఒకటుంది. మా మేనత్తకు ఉబ్బసం వస్తే డాక్టరు ఇన్‌హేలర్ రాసిచ్చాడనీ, ఆవిడ దాన్ని కాఫీ గ్లాసులా పైకెత్తి, పెదవికి తగలకుండా నోట్లోకి పోసుకునేదనీ, ఆరు నెలల పాటు మందంతా గాలిపాలు చేసిందనీ. చెప్పేవాళ్లు తల వెనక్కి వాల్చి, చెయ్యెత్తి, అభినయించి మరీ చూపిస్తారు. అందరూ నవ్వుతారు. అత్త బతికున్నన్నాళ్లూ ఆవిడా నవ్వేది.

ఆ కథ కట్టింది నేను. అందులో "మూడుసార్లు చెప్పాను, వింటేనా!" అనే మాట చేర్చిందీ నేనే. అది అబద్ధం. చెప్పింది ఒక్కసారి. ఆ ఒక్కసారి ఎలా చెప్పానో పోయిన నెల దాకా ఎవరికీ చెప్పలేదు.

అత్త మా నాన్నకు అక్క. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, చదువుకుని, టీచరయింది. నాకు ఆరేళ్లప్పుడు మా అమ్మ పోయింది. అప్పటినుంచి నాకు తల దువ్విందీ, అన్నం పెట్టిందీ, లెక్కల్లో సున్నా వస్తే వీపు మీద ఒకటి వేసి మళ్లీ దగ్గర కూర్చోబెట్టుకున్నదీ ఆవిడే. రాయపురంలో రైలు పట్టాలకు ఇవతల మా ఇల్లు. తూర్పుగాలి తిరిగితే ఎండుచేపల వాసన, మిగతా వేళల్లో హార్బరుకు పోయే లారీల దుమ్ము. నాలుగు వీధుల అవతల తెలుగు పిల్లల బడి. ముప్పై ఏళ్లు ఆ బడిలో నల్లబల్ల ముందు నిలబడి సుద్దపొడి పీల్చింది.

మా తాతముత్తాతల నాటి నుంచి మేం ఈ ఊళ్లోనే ఉన్నాం. మాటలో సగం అరవం కలిసిపోయింది. కానీ ఒక్క అలవాటు మాత్రం చెక్కుచెదరలేదు. నీళ్లయినా కాఫీ అయినా గ్లాసు ఎత్తి తాగాల్సిందే. పెదవి తగిలితే అది ఎంగిలి. జ్వరం మందు చెంచాతో పోసినా పైనుంచే. నాకది నేర్పిందీ అత్తే. పెరట్లో తొట్టి పక్కన పీట వేసుకుని, నన్నెదురుగా కూర్చోబెట్టుకుని, ఇత్తడి గ్లాసుతో వారం రోజులు నేర్పింది. నీళ్లు ముక్కులోకి పోయి నేను దగ్గితే, "తొందరేమొచ్చె? గొంతు తెరిచిపెట్టు, నీళ్లు వాటంతట అవే పోతాయి" అని చొక్కా తుడిచి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టేది.

బడిలో ఆవిడ మాట ఒకటి అందరికీ తెలుసు. ఏ పిల్లైనా పద్యం తప్పుగా అప్పజెప్తే, "పిల్లకాయ తప్పు నేర్చుకుంటే ఆ తప్పు పిల్లకాయది కాదు, నేర్పినోళ్లది" అనేది. ఈ మాట మీద హెడ్‌మాస్టరుతో సైతం పోట్లాడింది.

యాభై దాటాక ఆయాసం మొదలైంది. మెట్లెక్కితే పిల్లికూతలు. రెండేళ్లు మాత్రలతో నెట్టుకొచ్చింది. ఊరి పేరు మద్రాసు నుంచి చెన్నైగా మారిన రోజులవి, నాకు పెళ్లయిన కొత్త. ఒక సాయంత్రం ఆవిడను ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పరీక్ష చేసి, ఇంజెక్షన్ కోసం ఆవిడను పక్క గదిలోకి పంపి, నాకు రెండు ఇన్‌హేలర్లు రాసిచ్చాడు. బల్ల మీదున్న ఖాళీది తీసి చూపించాడు. బాగా ఊపాలి. మూత తియ్యాలి. లోపలి గాలంతా మెల్లగా బయటికి వదలాలి. పెదవులు చుట్టూ గట్టిగా మూసి, నిదానంగా పీల్చడం మొదలుపెడుతూ ఒక్కసారి నొక్కాలి. పీలుస్తూనే ఉండాలి. పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. రెండోసారి కావాలంటే కాసేపాగి మళ్లీ ఊపాలి. నీలంది ఆయాసం వచ్చినప్పుడు. గోధుమరంగుది బాగున్నా బాగాలేకపోయినా రోజూ రెండుపూటలా, తర్వాత నోరు పుక్కిలించాలి. నీలంది మాటిమాటికీ కావాల్సి వస్తే ఆగకుండా తన దగ్గరికి తీసుకురావాలి.

"ఇంట్లో ఆమె చేత చేయించి చూడండి. రెండు వారాలకు తీసుకురండి, నా ముందు చేయమంటాను" అన్నాడు.

నేను తలూపాను. నా చూపు గోడ గడియారం మీదుంది.

మర్నాడు పొద్దున నేను ఆఫీసుకు బయల్దేరుతున్నాను. ఓడ సరుకుల కాగితాలు కస్టమ్స్‌లో తిప్పే ఏజెంటు దగ్గర గుమాస్తాను. ఆ రోజు పది గంటలకల్లా అక్కడుండాలి. వాకిట్లో బూట్లు వేసుకుంటుంటే అత్త డబ్బా పట్టుకుని వచ్చింది.

"ఇదెట్టా వాడాల్నో చెప్పిపో అబ్బయ్యా. నాకు బడికి టైమైతాది."

ఒక బూటు వేసుకుని ఒకటి వేసుకోకుండా నిలబడి నీలం ఇన్‌హేలర్ అందుకున్నాను. నా పెదవి తగిలితే ఎంగిలవుతుంది, ఆవిడ ముట్టుకోదు. అందుకని నోటికి బెత్తెడు దూరంలో పైకెత్తి పట్టుకుని, నొక్కకుండా, "ఇట్టా పెట్టి నొక్కి పీల్చడమే" అన్నాను.

అత్త చూసింది. ఆవిడ మంచి విద్యార్థి. అడగాల్సిన ప్రశ్నే అడిగింది.

"నోటికి తగలొద్దా?"

నేను రెండో బూటు లేసు కడుతున్నాను. "అక్కర్లా అత్తా. నీళ్లు తాగినట్టే అనుకో."

ఆవిడ నేను చూపించినట్టే పైకెత్తి, తల వాల్చి, ఒకసారి చేసి చూపించింది. "ఇట్టనా?"

"ఆఁ, అట్టానే" అన్నాను. తలెత్తి చూడకుండానే అన్నాను.

జరిగింది అంతే. అర నిమిషం కూడా పట్టలేదు.

రెండు వారాలకు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదు. ఓడలు వస్తూనే ఉన్నాయి, నాకు తీరిక లేదు. గోధుమరంగు మందు నాలుక మీద పడి నాలుకంతా తెల్లగా పూసి మంట పుట్టింది. పుక్కిలించాలని నేను చెప్పలేదు కదా. "దీన్తో ఏం గుణం లేదబ్బయ్యా" అని ఆవిడ దాన్ని పక్కన పెట్టేసింది. నీలంది మాత్రం రొండిన దోపుకుని తిరిగేది. రోజుకు పదిసార్లు నొక్కేది. నోట్లో పడి గొంతు దిగిన కాస్త మందుకు చేతులు వణికేవి. ముత్యాల్లాంటి ఆవిడ అక్షరాలు నల్లబల్ల మీద వంకర్లు పోతున్నాయని బడి పిల్లలు చెప్పుకునేవారట.

నేనేమన్నానో తెలుసా? "నీకు అలవాటైపోయింది అత్తా. ఊరికే నొక్కుతా ఉండావు. మనసు గట్టి చేసుకోవాల."

"అట్టనే అనుకుంటా" అంది ఆవిడ. ఆయాసపడుతూ, నా మాట మీద నమ్మకంతో.

ఆ ఏడు భోగి రోజున తెల్లారేసరికి మా వీధిలో పాత చాపలతో పాటు లారీ టైర్లు తగలబెట్టారు. ఆ రోజుల్లో అదే వేడుక. పొగ నల్లటి దుప్పటిలా ఇళ్లలోకి దిగింది. పిల్లలు డప్పులు కొడుతున్నారు. ఆ మోత మధ్య మా ఆవిడ కేక వినిపించి పరుగెత్తాను.

అత్త మంచం పట్టె రెండు చేతులతో పట్టుకుని ముందుకు వంగి కూర్చుంది. మాట రావడం లేదు. గొంతు కింది గుంట ఊపిరి ఊపిరికీ లోపలికి పోతోంది. నన్ను చూసి ఇన్‌హేలర్ ఎత్తింది. తల వాల్చి నొక్కింది. మందు తెల్లటి తుంపరై ఆవిడ ముఖం ముందు ఒక్క క్షణం నిలిచి, పొగలో కలిసిపోయింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అంతే. ఇన్నాళ్లూ ఆవిడ నొక్కుతుంటే నిలబడి చూసిందే లేదు, ఎక్కడ తప్పు జరుగుతోందో నాకు అప్పుడు తెలిసింది.

తెలిసీ ఏమీ అనలేదు. ఎత్తుకుని ఆటోలో పడేశాను. దారి పొడుగునా ఆవిడ నా చొక్కా గుప్పిట్లో పట్టుకునే ఉంది.

ఆస్పత్రిలో ముఖానికి మాస్కు తగిలించి ఆవిరిలా మందు పెట్టారు. వాడిన మొక్కకు నీళ్లందినట్టు ఆవిడ ముఖంలోకి మెల్లగా రంగొచ్చింది. మధ్యాహ్నానికి మాట్లాడగలిగింది. అప్పుడొక నర్సు వచ్చి, ఇన్‌హేలర్ ఎలా వాడుతున్నావో చూపించమ్మా అంది. అత్త శ్రద్ధగా, తరగతిలో పాఠం అప్పజెప్పినట్టు, పైకెత్తి చూపించింది.

నర్సు నోరెళ్లబెట్టింది. "ఎన్నమ్మా ఇదు, కాపీయా?"

కాఫీ అనుకున్నావా అని అరవంలో అడిగేసరికి పక్క మంచాలవాళ్లంతా నవ్వారు. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు మాత్రం నవ్వలేదు. "ఇలా వాడమని మీకెవరు చెప్పారు?" అనడిగాడు.

నేను మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాను. అత్త నా వైపు చూసింది. తిట్టే చూపు కాదది. చిన్నప్పుడు నేను వానలో తడిసి ఇంటికొచ్చినప్పుడు, ముందు తల తుడుద్దామా చివాట్లు పెడదామా అని చూసేదే, ఆ చూపు. తర్వాత డాక్టరు వైపు తిరిగింది.

"ఎవురూ చెప్పలేదు సార్. నాకై నేనే. ముసలి అలవాటు."

ముప్పై ఏళ్లు బడిలో ఏ మాట కోసం పోట్లాడిందో ఆ మాటను అలా నా కోసం వదిలేసుకుంది. నేను నోరు విప్పలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా ఆవిడతో, "నర్సేమందో తెలుసా?" అని నవ్వుతూ మొదలుపెట్టాను. "మూడుసార్లు చెప్పాను" అన్నది అప్పుడే నోట్లోంచి వచ్చేసింది. కథ ఆ విధంగా పుట్టింది.

ఆ తర్వాత మాత్రం రోజూ పొద్దున అత్త పక్కన కూర్చునేవాణ్ణి. పెదవులు మూసి పీల్చడం ఆవిడకు మొదట్లో రోతగా ఉండేది. "నా ఎంగిలి నాకే అంటుతాదా ఏంది" అని తనకు తానే సర్దిచెప్పుకునేది. ఊపిరి బిగబట్టినప్పుడు తన వేలితో నా అరచేతి మీద ఒకటీ రెండూ అని తట్టేది. పది కాగానే వదిలి, "పాసా ఫెయిలా?" అనేది. పెరట్లోకెళ్లి పుక్కిలించి వచ్చేది. రెండు నెలలకు నీలంది రొండి దిగి అలమారలోకి చేరింది. నల్లబల్ల మీద అక్షరాలు మళ్లీ నిలబడ్డాయట. బడి మానేదాకా ఆవిడకు మళ్లీ ఆస్పత్రి అవసరం రాలేదు.

ఒక ఆదివారం ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దుతుంటే దగ్గరికెళ్లాను. "అత్తా, ఆ రోజు నేను..." అన్నాను.

ఎర్ర పెన్ను ఆపలేదు. "తెలుసులే."

"మరి డాక్టరుకు ఎందుకు చెప్పలేదు?"

"పది మందిలో పిల్లోణ్ణి నిలబెట్టి అడిగేది నాకు చేత కాదు." ఇంకో పేపరు తిప్పింది. "ఒకటి చెప్తా విను. ఆ పొద్దు నువ్వు ఒంటికాలి బూటుతో వాకిట్లో నిలబడి చెప్పినావు. పాఠం అట్టా చెప్పరబ్బయ్యా. ఇంకెప్పుడన్నా ఎవురికన్నా చెప్పాల్సొస్తే కూర్చోని చెప్పు. వాళ్లు చేసేది చూడు."

"మరి నలుగురిలో ఆ కథ..."

"నవ్వుకోనీలే. నాకేం తరిగిపోతాది?"

తరిగిపోలేదనే నేనూ అనుకున్నాను. చెప్తూనే ఉన్నాను, ఆవిడ పోయాక కూడా.

పోయిన నెల నాకూ ఆయాసం వచ్చింది. డాక్టరు నాకూ అదే రాశాడు. ఇంటికొచ్చి సోఫాలో కూర్చుని డబ్బా విప్పుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసింది. "ఏమండీ, పెద్దమ్మలాగా కాఫీ తాగేరు, జాగ్రత్త!" అత్తను తను పెద్దమ్మ అనే పిలిచేది.

నాకు నవ్వు రాలేదు. మా ఆవిడను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. బూట్ల సంగతీ, బెత్తెడు దూరం సంగతీ, "నోటికి తగలొద్దా" అని ఆవిడ అడగడమూ, నేను చెప్పిన జవాబూ, అన్నీ చెప్పాను. చేతిలో గరిటె పట్టుకునే కూర్చుని వింది.

"మూడుసార్లు చెప్పానన్నారే?"

"ఒక్కసారి. అదీ తప్పు."

గరిటె కింద పెట్టింది. "పెద్దమ్మ ముందరే ఎన్నిసార్లు నవ్వినాను నేను" అంది. కళ్లు తుడుచుకుని, కాసేపయ్యాక నా చేతిలోని ఇన్‌హేలర్ వైపు చూపించింది. "సరే, చెయ్యండి. నేను చూస్తా."

ఊపాను. గాలి వదిలాను. పెదవులు మూసి, మెల్లగా పీలుస్తూ నొక్కి, ఊపిరి బిగబట్టాను. మా ఆవిడ అరచేతి మీద వేలితో తట్టడం మొదలుపెట్టాను, ఒకటీ, రెండూ, మూడూ.