వడ్డాణం బిళ్ళతో చేసిన గాలం

మొన్న మా మనవరాలు స్నేహితులతో పడవ షికారుకు పోతూ, పడవ వెనక లాగే గాలం కొనాలని నన్ను జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్ద దుకాణానికి వెంటబెట్టుకు వెళ్ళింది. గోడ నిండా రంగురంగుల ఉత్తుత్తి చేపలు వేలాడుతుంటే, అది కంటికి నచ్చినదల్లా బుట్టలో వేస్తుంటే, నేను ఉండబట్టలేక ఒక తొట్టిలో నీళ్ళు పోసిస్తే లాగి చూసుకుంటామని అడిగాను. దుకాణం అబ్బాయి నవ్వాపుకున్నాడు, మనవరాలు నా చెయ్యి గిల్లింది. నవ్వితే నవ్వనీ. గాలం లాగి చూడకుండా కొనడమంటే కొలత తీసుకోకుండా రవికె కుట్టడమే.

నేను పుట్టింది బోరబండలో, మెట్టింది రహమత్ నగర్‌లో, బతుకంతా బట్టలు కుట్టింది ఫిలింనగర్‌లో. సినిమా డాన్సుల బట్టలు కుట్టే చోట నాకు పని. మా మామ సెట్లు కట్టే వడ్రంగి. ఆయనది మంజీర ఒడ్డున పల్లె, అక్కడ వాళ్ళ చిన్నాయన ఇంట్లో, మామ తన చేతులతో చేసుకున్న చిన్న పడవ, దోనె ఒకటి ఉండేది. సెట్టు పని ఒడిసిందంటే చాలు, మామా మా ఆయనా పోయి, తెడ్డు వేసుకుంటూ వెనక దారం వదిలి గాలం లాగుకుంటూ రోజంతా నీళ్ళ మీద గడిపి, ఇంటికొచ్చి ఆ ముచ్చట్లే చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. నాకూ పోవాలనిపించేది, మహా అనిపించేది. కానీ ఆడవాళ్ళు దోనె ఎక్కితే గాలానికి చేప తగలదని వాళ్ళ వైపు పట్టింపు, మా అత్తమ్మ ఒక్కనాడూ అందులో కాలు పెట్టి ఎరగదు. నేను మాత్రం పట్టు విడవలేదు. నా పోరు పడలేక చివరికి మామ, గాలం నేనే సమకూర్చి తేవాలని, దానికి చేప పడితే దోనెలో నా చోటు నాదేనని, పడకపోతే మళ్ళీ ఆ ఊసెత్తకూడదని తేల్చేశాడు. నా నోరు మూయించడానికే అన్నాడని తెలుసు, అయినా సరేనన్నాను.

ఇక నా తంటాలు చూడాలి. మా పనిలో ఏది చూసినా లైట్ల కింద ఎట్లా మెరుస్తుందనే కదా చూస్తాం, ఆ అలవాటు కొద్దీ చమ్కీలూ అద్దాలూ గుత్తిగా కట్టి కొక్కెం తగిలించి, ఇంటి ముందు నీళ్ళ తొట్టిలో లాగితే, అది బొంగరంలా తిరిగి దారాన్ని చిక్కుముడి చేసి పెట్టింది. వాడకట్టు ఆడవాళ్ళంతా కోడలు తొట్టిలో చేపలు పడుతోందని ఒకటే నవ్వు. అప్పుడు చీకిపోయి పక్కన పడేసిన డాన్సు వడ్డాణం నుంచి ఒక ఇత్తడి బిళ్ళ అడిగి తెచ్చుకున్నాను. అది తళతళలాడదు, మసకగా ఉంటుంది, బక్క చేప వీపులా. మెల్లగా కొట్టి గరిటెలా వంచాను, దారం మెలిపడకుండా తాళాల గొలుసులో గిర్రున తిరిగే కడియం తీసి ముందు కట్టాను. ఈసారి లాగితే దెబ్బ తగిలిన చేపపిల్లలా అటూ ఇటూ ఒరుగుతూ వచ్చింది. కానీ నెమ్మదిగా లాగినంతసేపే ఆ వయ్యారం, జోరు పెంచితే మళ్ళీ గిరగిరలే.

అనుకున్న రోజు దోనెలో మా ఆయన ముందు, నేను నడుమ, మామ వెనక తెడ్డుతో కూర్చున్నాం. మామ ఎప్పటిలాగే జోరు మీద ఉన్నాడు, చేతిలో దారం జివ్వున వణుకుతోంది, బిళ్ళ పిచ్చిగా తిరుగుతోందని నాకు తెలిసిపోతోంది. కోడలు మామకు పని చెప్పడమా అని వెనకాడాను. అయినా అడిగేశాను.

"మామా, తెడ్డు జర మెల్లగ ఎయ్యుండ్రి."

మా ఆయన గిరుక్కున వెనక్కి తిరిగి చూశాడు. కాసేపటికి తెడ్డు నెమ్మదించింది, దారం నా వేళ్ళ మీద మెత్తగా కొట్టుకోసాగింది. ఎండ నెత్తి మీదికి వచ్చాక ఒక్క గుంజు గుంజింది చూడండి, వేలు తెగిందనుకున్నాను. పెద్ద వాలుగ చేప. నేను వదల్లేదు, మా ఆయన అందుకోబోతే వద్దన్నాను, దోనె అంచు దాకా లాక్కొచ్చాను, దాని మీసాలు కూడా చూశాం. అంచు దగ్గర ఒక్క విదిలింపు విదిలించి కొక్కెం వదిలించుకుని పోయింది.

నాకు ఏడుపొచ్చింది. మాట ప్రకారం నేను ఓడిపోయాను. ఒడ్డుకు చేరేదాకా దారం చుట్టుకుంటూ కూర్చున్నాను. మామ దోనెను గట్టుకు లాగి, నా చేతిలోంచి ఆ బిళ్ళ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి నాకే ఇచ్చాడు.

"మల్లొచ్చినప్పుడు గిదే పట్టుకరా బిడ్డా. కొక్కెం జర పెద్దది కట్టు."

ఆ తర్వాత చాలా ఏళ్ళు ముగ్గురం దోనెలో పోయాం. ఇప్పుడు మామ లేడు, మా ఆయనా లేడు. మోకాళ్ళ నొప్పులతో ఈ వయసులో పడవలేమిటని కొడుకు కసురుతున్నా, నేనూ వస్తున్నానని మనవరాలికి చెప్పేశాను. అది పడవెక్కడానికి ఎవరినీ అడగనక్కర్లేదు, ఏ పందెమూ గెలవనక్కర్లేదు, అందుకు నాకెంతో సంతోషం. కానీ ఒకటుంది. ఆ రోజు చేప దొరికి ఉంటే ఆ చోటు నేనే గెలుచుకున్నానని ఈ జన్మంతా అనుకునేదాన్ని. అది తప్పించుకుపోబట్టే, మామ తన మాట తనే పక్కన పెట్టి నాకు చోటిచ్చాడని తెలిసింది. అట్లా ఓడినవాళ్ళకు చోటిచ్చే పెద్దలు ఈ రోజుల్లో నాకు కనబడటం లేదు.