సముద్రపు తలుపుకి తాళంచెవి

పెరుమాళ్ మామ దగ్గరికి తాళాలు బాగుచేయించుకోవడానికి మా వీధివాళ్లు జడుస్తూ జడుస్తూ వెళ్లేవారు. సైకిలు తాళంచెవి పోయిందని ఎవరైనా వెళితే, "తల కూడా పారేసుకుని రాకపోయావా, రెండూ కలిపి చేసిచ్చేవాణ్ణి" అనేవాడు. అన్నాక చేసిచ్చేవాడు. మీసాలు రాకముందు చక్కెర ఫ్యాక్టరీ పనిశాలలో చేరి, ఫ్యాక్టరీ మూతపడేదాకా ఇనుము అరగదీసిన మనిషి. మూతపడ్డాక తన ఆకురాళ్లు, సుత్తి మూటగట్టుకొచ్చి, స్తంభాల మీద నిలబెట్టిన తన ఇంటి కింద ఊయల పక్కన పెట్టుకున్నాడు. కుడికంట్లో శుక్లం. వేళ్లలో కొద్దిగా వణుకు.

ఆయనకీ డోరీన్‌కీ మాటల్లేవు. మా బెర్బీస్ తీరంలో ఊళ్లన్నీ సముద్రం కంటే పల్లం. ఆటు వచ్చినప్పుడు తూము తలుపెత్తి కాలవ నీళ్లు సముద్రంలోకి వదలాలి, పోటు ఎక్కకముందే దించెయ్యాలి. ఆ తలుపుని మేము కోకర్ అంటాం. దాన్ని ఎత్తి దించే ఉద్యోగం డోరీన్‌ది. ఒక ఏడు ఆవిడ దించడం ఆలస్యమై ఉప్పునీళ్లు వెనక్కి తన్నాయి. మామ పెరట్లో, చనిపోయిన భార్య చంద్రోతి నాటిన నిమ్మచెట్టు నిలువునా మాడిపోయింది. ఆ రోజు నుంచి డోరీన్ ఎదురైతే మామ కాలవ వైపు మొహం తిప్పుకుని నడిచేవాడు.

మరుసటేడు జూన్ వానలు తెరిపి ఇవ్వలేదు. చల్లిన వరి అప్పుడే మొలకెత్తి వేలెడు పొడుగుంది. నీళ్లు పొలం గట్లు దాటి వీధుల్లోకి, వీధుల్లోంచి ఇళ్ల కిందికి వచ్చాయి. మరుగుదొడ్లు పొంగాయి. కోళ్లు మెట్లెక్కి కూర్చున్నాయి. ఆ పొద్దున ఆటు కోసం ఊరంతా కళ్లలో వత్తులేసుకుని ఉంది. సరిగ్గా అప్పుడే, తూము దగ్గరికి పోతున్న డోరీన్ కాలవ మీది నాచుపట్టిన బల్లపై కాలు జారి నీళ్లలో పడింది. మనిషిని జుట్టు పట్టుకుని పైకి లాగారు. మెడలో తాడుకి కట్టుకున్న తాళంచెవి మాత్రం తాడుతో సహా పోయింది.

మొగాళ్లు బురదలో మునిగి మునిగి వెతికారు. చెప్పులు దొరికాయి, డబ్బాలు దొరికాయి. రెండో తాళంచెవి పట్నంలో తూముల ఆఫీసులో ఉండాలి. ఫోన్ చేస్తే "వెతుకుతున్నాం" అన్నారు. దొరికినా తెచ్చే దారి లేదు, రోడ్డు మీది వంతెన అప్పటికే కొట్టుకుపోయింది.

బేసిల్ పెద్ద సమ్మెట భుజాన వేసుకుని వచ్చాడు. ఊరి వరిపొలాల్లో సగం అతనివే. తలుపెత్తే చక్రం పక్కన పోత ఇనుము పెట్టె ఉంటుంది. దొరల కాలం నాటి తాళం దాని లోపల ఉంది. చెవి తిప్పితే గడియ జరిగి చక్రం కదులుతుంది.

"తప్పుకోండి. ఒక్క దెబ్బకి ముక్కలు చేస్తా" అన్నాడు బేసిల్.

"ముక్కలవుతుందిరా, తాళం కాదు, చక్రం" అంటూ వెనకనుంచి మామ గొంతు వినిపించింది. మోకాళ్ల లోతు నీళ్లలో, సంచీ నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. "పక్కూరివాళ్లు ఇలాగే కొట్టారు. పోత ఇనుము పింగాణీ పళ్లెంలా పగిలింది. పంటకాలం అంతా తలుపు లేవలేదు. నీకూ అదే కావాలా?"

"మరి చెవి నువ్వు కంటావా ముసలోడా?"

"కంటాను. మంత్రసానిగా నువ్వు మాత్రం వద్దు."

ఎవరూ నవ్వలేదు. ఆటు మొదలై సముద్రం అప్పటికే దిగుతోంది. నీళ్లు వదలడానికి ఉన్న సమయమంతా ఆ దిగుడులోనే.

ఫ్యాక్టరీ గేటు పాత చెవి ఒకటి మామ తెచ్చాడు. దాని పళ్ల రేకు పెద్దది. అది ఈ తాళం కన్నంలో పట్టేలా ముందు అరగదీశాడు. నన్ను పిలిచి, "కమ్లా, ఆ గొడుగు పట్టు. దీపం మీద చినుకు పడిందా, నిన్నే కాలవలోకి తోస్తా" అన్నాడు. కిరసనాయిలు బుడ్డి మంట మీద ఆ రేకుని నల్లగా మసి పట్టించి, కన్నంలో పెట్టి మెల్లగా తిప్పి, బయటికి తీసి ఎడమకంటికి దగ్గరగా పట్టుకున్నాడు. లోపలి మీటలు తగిలినచోట మసి చెదిరి తళుక్కుమంది. అక్కడ నాలుగు రుద్దులు రుద్దాడు. మళ్లీ మసి, మళ్లీ తిప్పుడు, మళ్లీ రుద్దుడు. ఒక్క రుద్దు ఎక్కువైతే ఆ చెవి పనికిరాదు. చెయ్యి వణికినప్పుడల్లా ఆపి, మణికట్టుని మోకాలికి అదిమి, మళ్లీ మొదలుపెట్టేవాడు.

డోరీన్ చక్రాన్ని పట్టుకుని నిలబడింది. తడిబట్టలు మార్చుకోలేదు. "మంచం పట్టిన మా అమ్మని బల్లమీదికి ఎక్కించి వచ్చా" అంది నాతో, మెల్లగా. "మా ఇంటికి స్తంభాల్లేవుగా. నీళ్లు బల్లకాళ్లు సగం మింగాయి."

మామ విన్నాడు. చెవి లోపల పెట్టి తిప్పాడు. సగం తిరిగింది. ఇంకాస్త బలం పెట్టాడు. టప్‌మని చప్పుడైంది.

చేతిలోకి వచ్చింది కాడ మాత్రమే. పళ్ల రేకు విరిగి లోపలే ఉండిపోయింది.

మామ ఆ కాడని చూస్తూ బురదలో కూలబడ్డాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నా వల్ల కాదు. కన్ను కనపడదు, చెయ్యి నిలవదు. చంద్రోతి ఉన్నప్పుడే చచ్చిపోవలసినవాణ్ణి."

బేసిల్ సమ్మెట ఎత్తాడు. డోరీన్ అడ్డం రాలేదు. "కొట్టనియ్యి అంకుల్. పగిలితే పగులుతుంది. ఊరు నన్నెలాగూ తిట్టాలి" అంది. ఆ గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. దానికే భయం వేసింది నాకు.

మామ పాకుతూ వెళ్లి తాళం కన్నం మీద తన అరచెయ్యి కప్పాడు.

"ముందు దీనిమీద కొట్టు."

బేసిల్ పళ్లు కొరికాడు. సమ్మెట దించాడు గానీ చేతిలోంచి వదల్లేదు.

"సైకిలు పుల్ల ఒకటి తే" అన్నాడు మామ. ఎవరో తమ సైకిలు చక్రంలోంచి పీకి ఇచ్చారు. కొనని కొక్కెంలా వంచి, కన్నంలోకి దూర్చి, కళ్లు మూసుకుని కెలికాడు. విరిగిన ముక్క బయటికి రావడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు గానీ, అది వచ్చేసరికి సముద్రం వైపు బురదలో తేలిన కర్రలు మళ్లీ ఒకటొకటిగా మునుగుతున్నాయి. పోటు మొదలైంది.

"ఇంకో చెవి ఉందా?" అనడిగాను.

"లేదు. ఇనుము కావాలి. మెత్తటి ఇనుము."

డోరీన్ పరుగెత్తింది. నీళ్లలో పరుగంటే పడుతూ లేస్తూ. తన ఇంటి గేటు బందులోంచి మేకు ఊడబీకి, పాత పెనం అంచు ఒకటి పట్టుకుని వచ్చింది. మామ ఆ మేకు చివర రంపంతో చీల్చి, పెనం ముక్క అందులో ఇరికించి, రెండు వైపులా సుత్తితో అణిచాడు. విరిగిన పళ్ల రేకుని ఆనించి చూసుకుంటూ కొత్త పళ్లు కోశాడు. మసికి ఇప్పుడు సమయం లేదు. వేళ్లతోనే తడిమాడు. వేలిచివర తెగి నెత్తురు కారుతుంటే దాన్ని ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"అంకుల్, నీళ్లు ఎక్కుతున్నాయి" అంది డోరీన్.

"నాకు చెవుడు లేదు, శుక్లమే" అన్నాడు మామ. నిమ్మచెట్టు ఎండిన తర్వాత ఆవిడతో ఆయనన్న మొదటి మాట అది.

చెవి దూర్చాడు. తిరగలేదు. తీశాడు, ఒక్క రుద్దు రుద్దాడు, మళ్లీ దూర్చాడు. బలం పెట్టలేదీసారి. పసిబిడ్డ చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుని తిప్పాడు. లోపల ఏదో బరువుగా జరిగింది.

బేసిల్ సమ్మెట పారేసి చక్రం మీద పడ్డాడు. డోరీన్, నేను, చేతికి అందినవాళ్లందరం లాగాం. తలుపు కిర్రుమంటూ లేచింది. సముద్రం ఇంకా కాలవ కంటే కిందే ఉంది. నల్లటి నీళ్లు, గడ్డి, చచ్చిన కోళ్లు, ఎవరిదో పీట, అన్నీ సముద్రంలోకి దూకాయి. జనం కేకలు వేశారు. ఆ కేకలు ఎక్కువసేపు నిలవలేదు. పోటు పైకొచ్చి నీళ్లు నిలిచిపోగానే డోరీన్ "దించండి!" అని అరిచింది. బేసిల్ బతిమాలాడు, "ఇంకొంచెం, డోరీన్, నా పొలం..." ఆవిడ వినలేదు. దించేసింది.

జానెడు నీళ్లు తగ్గాయి. అంతే. ఆ జానెడుకే డోరీన్ తల్లి పడుకున్న బల్ల నిలిచింది, ఇళ్ల కింద పొయ్యిలు నీళ్లలోంచి బయటపడ్డాయి. తర్వాతి ఆటుకి మళ్లీ ఎత్తారు, ఆ తర్వాత మళ్లీ. పై పొలాలు బతికాయి. పల్లపు పొలాల్లో మొలకలన్నీ కుళ్లిపోయాయి. బేసిల్‌వి ఎక్కువ పల్లపువే. చాలా రోజులు అతను ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత విత్తనాలు అప్పు తెచ్చుకుని మళ్లీ చల్లాడు.

మామకి ఆ నీళ్లలో కోసుకున్న వేలు చీము పట్టింది. ఆసుపత్రిలో దాన్ని సగానికి తీసేశారు. ఆయన ఇంటికి వచ్చిన రోజున డోరీన్ మెట్లకింద నిలబడి, ఉప్పుచేప, దాల్‌పూరీ ఉన్న గిన్నె పట్టుకుని పిలిచింది.

"పైకి రా" అన్నాడు మామ కుర్చీలోంచి లేవకుండా. "ఆ చెవి తెచ్చావా?"

"తెచ్చా."

"ఇటివ్వు. ఇంకోటి చేసి పెడతా. నీ కాళ్లని నేను నమ్మను."

డోరీన్ చెవి ఇచ్చి, ఆయన తొమ్మిదిన్నర వేళ్లు దాన్ని పట్టుకోవడం చూడలేక వంటగదిలోకి వెళ్లి పళ్లేలు వెతికింది.