టిష్యూ ప్యాకెట్ పెట్టిన టేబుల్

హౌగాంగ్ హాకర్ సెంటర్లో, తిండి స్టాళ్ల మధ్య, నా పక్క టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ ఒక్కటే ఉంది. ఒక విదేశీ పెద్దావిడ అక్కడ కూర్చుని, ఆ ప్యాకెట్ చించి చెమట తుడుచుకుంది. అప్పుడే భోజనం ట్రేతో వచ్చిన ఒక అంకుల్ "టేకెన్ లా! టేకెన్!" అని అరిచాడు.

ఆవిడ బెదిరి లేచి, ఏమంటున్నాడని స్పానిష్‌లో నన్నడిగింది. పుస్తకాల్లో చదువుకోవడమే తప్ప ఆ భాష నేనెవరితోనూ మాట్లాడలేదు. 'టేకెన్'కి నాకు రెండు స్పానిష్ మాటలు తోచాయి. 'తీసేసుకున్నారు' అనే ఒకటి ఆవిడను దొంగను చేస్తుంది. రెండోది చెప్పాను. "ఒకుపాదా. ఈ చోటు వేరేవాళ్లది."

"ఎవరూ లేరుగా?"

ఇక్కడ టిష్యూ ప్యాకెట్ పెడితే సీటు ఆపుకున్నట్టేనన్నాను. ఆవిడ ముఖం పాలిపోయింది. చించిన ప్యాకెట్‌ను రెండు చేతులతో ఆయన ముందుకు చాచింది.

ఆయన ట్రే దించి, ఎదుటి సీట్లో కూర్చున్నాడు. "సిట్ లా, ఆంటీ. కెన్ షేర్."

ఆ మాట స్పానిష్‌లో చెప్పడానికి నేను నోరు తెరిచేలోపే ఆవిడ కూర్చుంది.