తేదీ లేని ఫ్లెక్సీ

కరోనా తగ్గిన మరుసటి ఏడాది సంగతి. విజయనగరంలో గంటస్తంభానికి కొంచెం ఎడంగా, ఒక మేడమెట్ల కింద నాకు ఫ్లెక్సీ డిజైన్ షాపు ఉంది. రెండు కంప్యూటర్లు, ఒక టేబులు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. డిజైన్ నేను చేస్తాను. ప్రింటు వేరేచోట, పెద్ద మెషీను ఉన్నవాళ్ళ దగ్గర అవుతుంది.

మా పనిలో సగం పుట్టినరోజులు, సగం చావులు. చావు ఫ్లెక్సీకి ఒక టెంప్లేట్ ఉంటుంది. అంటే ముందే తయారుచేసి పెట్టుకున్న అచ్చు. పైన మబ్బులు, మబ్బుల్లోంచి వెలుగు, రెండు పక్కలా గులాబీలు, రెండు తెల్ల పావురాలు. మధ్యలో ఫొటో, దాని కింద ఎడమవైపు జననం, కుడివైపు మరణం. ఫొటో, పేరు, తేదీలు మారిస్తే ఇరవై నిమిషాల పని. కరోనా రెండో విడతలో ఆ అచ్చును రోజూ తెరిచాను. మా ఆవిడ పోయినప్పుడు మాత్రం తెరవలేదు. ఆ పావురాల మధ్య ఆమె ముఖం పెట్టడం నా చేత కాలేదు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం ఇద్దరు వచ్చారు. పెద్దాయన పేరు యర్రయ్య. పూసపాటిరేగ దాటాక సముద్రపొడ్డున ఒక పల్లె ఆయనది, చేపల వేట వృత్తి. రెండో అతను సూరి, ముప్ఫై ఏళ్ళవాడు. యర్రయ్య కొడుకుతోపాటు ఇరాన్‌లో ఒక టగ్ మీద పనిచేసి వచ్చాడు. టగ్ అంటే పెద్ద ఓడల్ని తాడు కట్టి రేవులోకి లాగే చిన్న ఓడ.

"ఫ్లెక్సీ కావాల బాబూ. మా వోడికి," అన్నాడు యర్రయ్య.

సూరి ఫోన్లో ఫొటో చూపించాడు. సిమెంటు మెట్ల మీద జనం. మధ్యలో ఒక నల్లటి కుర్రవాడు, ఆకుపచ్చ చొక్కా, మెడలో పెద్ద డప్పు, నోరంతా తెరిచి అరుస్తున్నాడు. అంత సంతోషంగా ఉన్న ముఖం చూసి నేను, "పుట్టినరోజా?" అని అడిగాను.

"కాదు బాబూ. ఆడు పోనాడు."

పేరు అప్పన్న. డిసెంబరులో, సముద్రం బాగా లేని ఒక రోజు, టగ్ మీంచి నీళ్ళలో పడిపోయాడు. వెతికారు. దొరకలేదు. ఇంక వెతకడం ఆపేశామని ఏజెంటు ఫోన్ చేసి చెప్పాడు.

"ఒళ్ళు రానేదు," అన్నాడు యర్రయ్య. "ఊళ్ళో బొమ్మయినా ఉండాల గదా బాబూ."

నేను మాస్కింగ్ మొదలుపెట్టాను. ఫొటోలోంచి మనిషిని ఒక్కడినే కత్తిరించి తీయడాన్ని అలా అంటాం. డప్పు అంచు జనంలో కలిసిపోయి ఉంది. సమయం పట్టింది.

"కోటెయ్యండి బాబూ. అందరికీ ఏస్తన్నారు గదా," అన్నాడు యర్రయ్య. నిజమే. ఎవరి తలనైనా తీసి కోటూ టై ఉన్న శరీరం మీద పెట్టడం మా పనిలో మామూలు.

"కోటేటి మావా!" అన్నాడు సూరి. "ఆడెప్పుడైనా కోటేసీడా? నువ్వే పోల్సుకోనేవు. ఆ సొక్కా ఉండనీ, డప్పూ ఉండనీ."

"ఆ పచ్చసొక్కా ఎవులిదో ఏటో."

"ఆడిదే. ఆ క్లబ్బోళ్ళిచ్చినారు."

అలా ఆ క్లబ్ మాట వచ్చింది. గల్ఫ్ ఒడ్డున వాళ్ళు పనిచేసిన రేవు పట్టణానికి ఒక ఫుట్‌బాల్ క్లబ్ ఉంది. నాకు ఆటల గురించి తెలియదు. ఇరాన్ గురించి లైబ్రరీలో రాజుల చరిత్ర చదివానుగానీ, ఇలాంటిది ఏ పుస్తకంలోనూ కనబడలేదు. మౌస్ ఆపకుండానే అడుగుతూ పోయాను.

"రేవులో మూటలు మోసీవోళ్ళు ఎట్టుకున్నారంట బాబూ," అన్నాడు సూరి. "మొదట ఇసకలోనే ఆడీవోరు. యుద్ధమప్పుడు గ్రౌండు మూసేత్తే, సరుకు షెడ్డెనకాల ఆడినారంట. తరవాత ఒకడు క్లబ్బు లైసెన్సు కొనీసినాడు. కొనీసి పేరు మార్సీసినాడు."

"జనం ఊరుకున్నారా?"

"ఎందుకూరుకుంతారు? మైకులో కొత్త పేరు సెప్పీసరికి ఇటు డప్పులు ఏసీవోరంట, ఇనపడకుండా. ఆపీసరికి పాత పేరు అరిసీవోరు. నాలుగేళ్ళు అలాగే. ఆకరికి ఆ ఓనరే ఇసిగిపోయి ఒగ్గీసి పోనాడు."

ఆ డప్పులు వాళ్ళ పీర్ల పండగ డప్పులేనట. చావు ఊరేగింపులో కొట్టినవే శుక్రవారం ఆటకు తెస్తారు. గెలిచినా అవే, ఓడినా అవే.

"గెలిసినప్పుడు తక్కువనుకోండి," అన్నాడు సూరి. "రొండో డివిజను. నాను సూసినన్నాళ్ళూ ఓడడమే ఎక్కువ."

"మరి ఎందుకెళ్ళేవారు?"

"శుక్రారం సెలవు. ఆ ఊళ్ళో మరేటి సేత్తాం బాబూ? పొద్దుతిరుగుడు గింజలు కొనుక్కుని, ఒలుసుకుంతూ కూకునీవోళ్ళం. మనోడు గంగమ్మ పండక్కి డప్పు కొట్టీవోడు గదా. ఒకనాడు పక్కోడి సేతిలోది లాక్కుని కొట్టీసినాడు. అంతే, మరి ఒగ్గనేదు ఆడిని. ఆళ్ళకి 'అప్పన్న' నోరు తిరగదు. 'ఆపానా, ఆపానా' అనీవోరు."

యర్రయ్య మొదటిసారి కొంచెం నవ్వాడు. "ఇంటికాడ డప్పు ముట్టుకుంటే వాళ్ళమ్మ తిట్టీది," అన్నాడు.

బొమ్మ తయారైంది. మబ్బులు, పావురాలు తీసేశాను. తెల్లటి నేల మీద ఆకుపచ్చ చొక్కా, డప్పు, ముఖం. జననం తేదీ కొట్టి, రెండోది అడిగాను.

 యర్రయ్య ఫోన్ తీసి ఇంటికి చేశాడు, స్పీకర్ పెట్టాడు.

"నూకాలూ, తేదీ అడుగుతన్నారే."

"ఏటి తేదీ?"

"అదే... ఆడు పోన తేదీ."

"ఎవులు పోనారు? నువ్వు సూసినావా? ఒడ్డుకొచ్చినాడా ఆడు? ఆ మాట రాయించినావంటే ఫ్లెక్సీ సింపీసి పొయ్యిలో ఎడతాను."

యర్రయ్య ఫోన్ దూరంగా పట్టుకుని నాతో అన్నాడు. "రొండు నెల్లయి ఇదే బాబూ. ఊరోళ్ళు దినం ఎప్పుడు సేత్తావంతన్నారు. ఇదేమో రోజూ ఆడికి అన్నం తీసి ఎడతాది. నాను ఎవులికని సెప్పాల?"

ఆ మాటలు ఆమెకూ వినబడే ఉంటాయి.  ఫోన్ మాత్రం కట్ చేయలేదు.

అప్పుడు సూరి తన ఫోన్‌ను యర్రయ్య ఫోన్ దగ్గర పెట్టి, "అత్తా, ఒకటి ఇను," అన్నాడు. ఆ క్లబ్‌లో అరుపులు మొదలుపెట్టే మనిషిని వాళ్ళూ 'లీడర్' అనే అంటారు. రేవులో క్రేన్ నడిపి రిటైరైన ముసలాయన. అప్పన్న పడిపోయిన వారం తర్వాత ఆయన సూరికి ఒక వాయిస్ మెసేజ్ పంపాడు, అందులోని చివరి మాటను కింద వాళ్ళ అక్షరాల్లో రాశాడు. గొంతు బొంగురుగా ఉంది. చివర మూడు మాటలు నిదానంగా అన్నాడు. "జాయే తో ఖాలీ."

"ఏటంతన్నాడు ఆ ముసిలోడు? ఖాళీయా?" అంది నూకాలమ్మ.

"అవునత్తా. 'నీ సోటు ఖాళీ' అని. ఎవులైనా రాకపోతే ఆళ్ళు అలాగే అంతారు. ఊరెల్లినోడికీ అంతారు, పోనోడికీ అంతారు."

"పోనాడని అన్నేదు గదా?"

"అన్నేదు."

ఆమె, "అయితే అది రాయమను. మరేటీ రాయొద్దు," అని ఫోన్ పెట్టేసింది.

సూరి ఆ మాటను నాకు పంపాడు. కాపీ చేసి డిజైన్‌లో పేరు కింద పెట్టాను, మరణం తేదీ ఉండాల్సిన కుడిపక్క ఖాళీగా వదిలేశాను. ఇక్కడ నా తప్పు చెప్పాలి. నా సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్. వాట్సాప్‌లో వచ్చిన తెలుగును దాంట్లో పెడితే ఒత్తులు ఊడిపోయి పక్కన పడతాయి. అది నాకు పదేళ్ళుగా తెలుసు. తెలుగైతే మళ్ళీ కూర్చుని టైపు చేస్తాను. ఫోన్‌లో ఆ ఇరాన్ మాట ఒకే గీతలా కలిసి ఉంది, నా తెర మీద విడివిడి ముక్కలుగా ఉంది. ఫాంట్ తేడా అనుకున్నాను. చదవలేని అక్షరాలకు కూడా అదే జబ్బు చేస్తుందని తట్టలేదు. 'కర్వ్స్' నొక్కాను. అది నొక్కితే అక్షరాలు బొమ్మలైపోతాయి. ఏ మెషీనులోనైనా చెక్కుచెదరకుండా ప్రింటవుతాయి. తప్పులుంటే అవి కూడా.

ప్రింటు చేసే ఆయన ఫోన్ చేశాడు. "కింద కుడిపక్క బోసిగా ఉంది. పువ్వు పెట్టమంటారా?"

"వద్దు. అది అంతే," అన్నాను.

ఫ్లెక్సీని పడవలు నిలిపే చోట రెండు వెదుళ్ళకు కట్టారు. సూరి ఫొటో తీసి ఆ ముసలాయనకు పంపాడు.

వారం దాటాక సూరి ఒక్కడే షాపుకు వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, "బాబూ, ఏమనుకోకండి. ఆళ్ళు కుడిపక్కనుంచి రాత్తారంట, మనం రాసింది తిరగేసి ఉన్నాదంట. అక్షరాలు కలవనేదంట. లీడర్ మనవడు సెప్పినాడు," అన్నాడు.

 పుట్టినరోజు ఫ్లెక్సీలో తప్పు పడితే నవ్వుకుంటారు. చావు ఫ్లెక్సీలో తప్పు వేరు. ఆ తల్లి ఒప్పుకున్నది ఆ ఒక్క మాటకే, దాన్నే నేను ముక్కలు చేశాను.

"వాళ్ళు కోప్పడ్డారా?"

"నేదు బాబూ. ఇది సూడండి."

మొన్నటి శుక్రవారం ఆటలో తీసిన ఫొటో. అవే సిమెంటు మెట్లు. జనం కిక్కిరిసి ఉన్నారు. మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలేశారు. అక్కడ డప్పు ఒక్కటే ఉంది. వెనక గోడకు తెల్ల గుడ్డ కట్టారు. దాని మీద తెలుగు అక్షరాలు. మీ భాషలో పేరెలా రాస్తారని అడిగితే సూరే పంపాడట. అక్కడి ప్రింటు షాపులో వేయించారు.

గుడ్డ మీద ఉన్నది 'అప్‌పన్‌న'.

ఒత్తులు ఊడిపోయాయి. నా అక్షరాలకు అక్కడి మనిషి చేసింది, వాళ్ళ అక్షరాలకు నేను చేసిందే. అతనూ ఒక తెర ముందు కూర్చుని, తను చదవలేని గీతల్ని చూసి, బాగానే ఉందనుకుని నొక్కి ఉంటాడు. పక్కన చెప్పేవాళ్ళు అతనికీ ఎవరూ లేరు.

"ఆ రోజైనా గెలిచారా?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"ఎక్కడ బాబూ! మూడు గోల్స్ తిన్నారు."

ఆ మాటను ముసలాయన మనవడి చేత కాగితం మీద రాయించి ఫొటో తెప్పించాను. ఈసారి టైపు చేయలేదు. గీత మీద గీత పెట్టి గీశాను. మనవడు చూసి సరే అన్నాకే ప్రింటు చేయించి, కొత్త ఫ్లెక్సీ పట్టుకుని సూరితో ఆ ఊరు వెళ్ళాను. ఆ మెట్ల ఫొటోను కూడా కాగితం మీద వేయించి తీసుకెళ్ళాను.

నూకాలమ్మ ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. చేతులు కడుక్కుని వచ్చి కాగితం అందుకుంది. ఆమెకు చదువు రాదు.

"ఏటి రాసినారు?"

"మీ అబ్బాయి పేరమ్మా."

"రాసినట్టు సదువు బాబూ. తప్పున్నాదని సూరిగాడు అన్నాడు."

"అప్... పన్... న," అని చదివాను.

"ఆళ్ళకి నోరు తిరగదంట గదా," అంది. తర్వాత డప్పు ఉన్న చోట వేలు పెట్టింది. "ఇదా ఖాళీ?"

"అదే అత్తా," అన్నాడు సూరి.

"ఎంతసేపొగ్గినారు?"

"మేచీ అయినంతసేపూ. నిలబడ్డోళ్ళు నిలబడ్డారు గానీ, ఆడ ఎవులూ కూకోనేదు."

 కొత్త ఫ్లెక్సీ కట్టడానికి మాత్రం ఆమె ఒప్పుకోలేదు. "ఆ ఊరోళ్ళు సూసింది పాతదే గదా. అదే ఉండనీ," అని కాగితం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఏడాది తిరిగింది. ఒక ఉదయం యర్రయ్య, నూకాలమ్మ ఇద్దరూ షాపుకు వచ్చారు. ఉప్పుగాలికి పాత ఫ్లెక్సీ పీలికలైపోయిందట. ఈసారి ఆమే మాట్లాడింది.

"దినం సేత్తన్నాం బాబూ. ఆ పక్కన తేదీ కూడా ఎయ్యి."

అప్పన్న పడిపోయిన తేదీ నాకు గుర్తుంది. కొట్టబోయాను.

"అది కాదు," అంది. "ఆడు పడిపోడం ఎవులు సూసినారు? ఆ మెట్ల మీద ఆడి సోటొగ్గినారు సూడు, ఆ శుక్రారం ఎయ్యి. ఆయేల ఆ ఊరంతా ఒప్పుకున్నాది. నానొక్కద్దాన్నే ఒప్పుకోనేదు."

 నేను పాత ఫైళ్ళలో ఆ ఫొటో వెతికి, అది తీసిన తేదీ చూసి, కుడివైపు ఖాళీలో మరణం అన్న మాట, దాని పక్కన ఆ తేదీ కొట్టాను. ముసలాయన మాటను, నేను గీసి సరిచేసినదాన్ని, ఉన్న చోటే ఉంచాను.

"సరిగ్గా రాసినావా?"

పేరు, రెండు తేదీలు పైకి చదివి వినిపించాను. ఆమె తల ఊపాక కర్వ్స్ నొక్కాను.

అప్పటినుంచి నా పద్ధతి అదే. పైకి చదివి వినిపించకుండా నొక్కను. నాకు రాని అక్షరాలైతే, వచ్చినవాళ్ళు చదివేదాకా ఆగుతాను. తేదీ చెప్పలేనివాళ్ళు వస్తే తొందరపెట్టను. ఆ చోటు అలాగే ఉంచుతాను. అక్కడ పువ్వు పెట్టను.